విత్తనములోని ఆజ్ఞాక్షరములు



హైదరాబాదు నగరములోని సుల్తాన్ బజారును మీలో పలువురు చూచియే యుందురు. పెండ్లి చీరలకో, గాజులకో, ఇంటి సామానులకో వచ్చిన జనులు అచ్చట ఒకరినొకరు త్రోసికొనుచు నడచుచుందురు. ఆ సందడి నడుమనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. ఆ సంస్థ 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన స్థాపితమైనది. దానిని నెలకొల్పినవారిలో నొకరగు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో ఈ నగరముననే విజ్ఞానచంద్రికా మండలిని ప్రారంభించి, చరిత్రమును ప్రకృతి శాస్త్రములను తెలుగు భాషలో చెప్పుటకు పూనుకొనిరి. నేడు నేను మనవి చేయబోవునదియు నొక శాస్త్రవిషయమే. అది మీ పొలములకు సంబంధించినది.

కొంతకాలము క్రిందట ఆ భాషానిలయములో ఒక వృద్ధుడు నాకు తటస్థించెను. ఆయన వరంగల్లు వైపు పత్తిరైతు. మనుమరాలి పెండ్లికి బట్టలు కొనవచ్చి, ఆడవారు అంగళ్లలో తిరుగుచుండగా తాను పత్రిక చూచుకొనుటకు లోనికి వచ్చి కూర్చుండెను. మాటలలో నేను వృక్షశాస్త్రము చెప్పువాడనని తెలిసికొని యిట్లడిగెను:

"పంతులుగారూ, నాకొక సందేహము. విత్తనాల సంచిమీద పురుగును చంపు జన్యువున్నదని వ్రాసిరి. పైరు చిన్నదిగా నున్నప్పుడు పురుగు కానరాలేదు. సంతోషించితిమి. కాయలు పట్టి నూరు దినములు దాటినవో లేదో, పురుగు కాయలో చేరినది. ఆ జన్యువు ఎక్కడికి పోయినట్లు? మొదటినుండియు లేదా? మమ్ము మోసగించిరా?"

"జన్యువు ఎక్కడికిని పోలేదు, పెదనాయనా," అంటిని.

"ఉన్నచో నేమి చేయుచున్నది?" అని ఆయన అడిగెను.

ఆ ప్రశ్నకు నిలుచున్నపాటున సమాధానము చెప్పలేకపోతిని. ఇంతలో ఇంటివారు పిలువగా ఆయన లేచి వెళ్లెను. నేటి ప్రసంగము ఆయనకు నేను బాకీపడిన జవాబు.

ఆ జవాబునకు మేము కూర్చున్న గ్రంథాలయమే మంచి దృష్టాంతము. ప్రతి జీవియు కంటికి కానరాని చిన్న చిన్న కణములతో కట్టబడినది. ప్రతి కణములోను ఒక గ్రంథాలయమున్నదనుకొనుడు. వరి మొక్క గ్రంథాలయమున 12 జతల సంపుటములు గలవు. వీనినే శాస్త్రజ్ఞులు క్రోమోజోములందురు. అందలి వ్రాత అంతయు నాలుగే అక్షరములతో సాగినది. 2005లో వరి వ్రాతను సంపూర్ణముగా చదివి ప్రకటించినప్పుడు అందు సుమారు 39 కోట్ల అక్షరములును, 37,500 జన్యువులును ఉన్నట్లు లెక్క తేలెను. ఆ పనిలో మన దేశపు శాస్త్రజ్ఞులును పాల్గొనిరి. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క గ్రంథము వంటిది. ఒక మాంసకృత్తును ఎట్లు తయారు చేయవలెనో అందు వ్రాసియుండును.

ఇచ్చట గమనింపవలసిన విశేషమొకటి కలదు. వేరులోని కణమునందును, ఆకులోని కణమునందును, పూవులోని కణమునందును ఉన్న గ్రంథములు అవియే. ఆకులో నున్న ఏ గ్రంథమును వేరులో లేకపోలేదు. అయినను ఆకు పచ్చనగును, వేరు పచ్చన కాదు. పూవు పుప్పొడిని పుట్టించును, ఆకు పుట్టింపదు. కారణమేమనగా, ఏ కణములో ఏ గ్రంథము తెరువబడవలెనో, ఎప్పుడు తెరువబడవలెనో, ఎన్ని ప్రతులు వ్రాయబడవలెనో వేరొక ఏర్పాటు నిర్ణయించుచున్నది.

గ్రంథాలయములలో కొన్ని గ్రంథములను గడప దాటనీయరు. కావలసినవారు అచ్చటనే కూర్చుండి నకలు వ్రాసికొని పోవలెను. కణములోను అదే నియమము. డి.ఎన్.ఏ. అను మూలగ్రంథము తన గదిని విడువదు. ఆర్.ఎన్.ఏ. పాలిమరేజు అను నొక మాంసకృత్తు లేఖకుడై వచ్చి, కావలసిన జన్యువునకు నకలు వ్రాయును. ఆ నకలు వెలుపలికి పోయి, దాని ననుసరించి పని జరుగును. నకలు పుట్టనిచో జన్యువున్నను లేనట్లే. నకళ్లు పదియైన కొంచెము పని, వేయియైన మిక్కిలి పని.

ఆ లేఖకుడు ఎచ్చట కూర్చుండి వ్రాత ప్రారంభింపవలెను? ప్రతి జన్యువునకును ముందుభాగమున కొన్ని వందల అక్షరములు, ఒక్కొక్కచో వేయికి మించిన అక్షరములు ఆ పనికై యేర్పడియున్నవి. వానిని ఇంగ్లీషువారు ప్రమోటరు అందురు. మనము ప్రవర్తకమందము. అది ఏ మాంసకృత్తునకును వ్రాత కాదు. అది ఆజ్ఞ. ఈ గ్రంథమును ఎచ్చట, ఎప్పుడు, ఎంత చదువవలెనో తెలుపు ఆజ్ఞాపత్రమును గ్రంథపు మొదటి పుటకు అంటించినట్లు అది జన్యువును అంటుకొనియుండును.

ఈ ఆజ్ఞలు గలవని స్పష్టముగా చూపినవారు ఫ్రాన్సు దేశమున పారిసులోని పాస్తరు సంస్థకు చెందిన ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మొనో అను నిద్దరు. ఒక సూక్ష్మజీవికి పాలచక్కెర దొరకినప్పుడు మాత్రమే దానిని జీర్ణించుకొను మాంసకృత్తు పుట్టుచున్నదనియు, చక్కెర లేనప్పుడు ఆ జన్యువు ఉండియు మూతపడియుండుననియు 1961లో వారు వివరించిరి. 1965లో వారికి నోబెలు బహుమానము లభించెను.

మొక్కలలో ఈ ప్రవర్తకము పనిచేయు తీరు ఇట్లుండును. వ్రాత మొదలగు చోటికి సుమారు 30 అక్షరముల ముందు టి-ఎ-టి-ఎ అను గుర్తు తరచుగా కానవచ్చును. అది లేఖకుని పీట వంటిది. దానికి ముందు ఇంకను దూరముగా వేరు వేరు గుర్తులు గలవు. వెలుతురు సోకినప్పుడో, నీరు తక్కువైనప్పుడో, పురుగు కొఱికినప్పుడో, పూత సమయము వచ్చినప్పుడో కణములో కొన్ని మాంసకృత్తులు మేల్కొని ఆ గుర్తులను పట్టుకొనును. అవి పట్టుకొన్నచో లేఖకుడు పీటమీద స్థిరముగా కూర్చుండును. లేనిచో వచ్చినవాడు వచ్చినట్లే పోవును. చెరువు నిండుగానున్నను నీరటి వచ్చి తూము తెరువనిది మడిలోనికి నీరు రాదు. ఎంత తెరచిన అంత నీరు పాఱును. ప్రవర్తకము తూము. మేల్కొన్న మాంసకృత్తులు నీరటులు.

ఇక విత్తనములోనికి పరజన్యువును చేర్చు సంగతికి వత్తము. ఒక సూక్ష్మజీవిలోని జన్యువును తెచ్చి పత్తిమొక్కలో పెట్టిరనుకొనుడు. ఆ జన్యువు తన పాత ప్రవర్తకముతోనే వచ్చినచో పత్తికణమునకు ఆ ఆజ్ఞ తెలియదు. ఉర్దూ మాత్రమే వచ్చినవానికి తెలుగు దస్తావేజు చూపినట్లగును. ఇది ఊహ కాదు. మన దేశమున మొదట అనుమతి పొందిన బి.టి. పత్తిలో ఒక మందును తట్టుకొను సూక్ష్మజీవి జన్యువొకటి దాని సొంత ప్రవర్తకముతోనే చేరియున్నది. ప్రయోగశాలలో సూక్ష్మజీవులను ఏరుకొనుటకు అది ఉపయోగపడెను. పత్తిమొక్కలో అది వేరునుండి కాయవరకు ప్రతి కణమునందును ఉన్నది. కాని ఎచ్చటను పలుకదు. దాని ప్రక్కనే పురుగును చంపు జన్యువు వేరొక ప్రవర్తకము క్రింద నుండి చక్కగా పలుకుచున్నది. ఒకే మొక్కలో ఒక జన్యువు మూగ, ఒక జన్యువు వాచాలము. భేదమంతయు ముందున్న ఆజ్ఞలోనిది.

ఆ పలికించు ప్రవర్తకము ఎచ్చటిది? కాలీఫ్లవరు, క్యాబేజీ మొదలగు కూరలకు మచ్చతెగులు తెచ్చు వైరసు ఒకటి కలదు. పేనుబంక దానిని మొక్కనుండి మొక్కకు మోయును. ఆ వైరసు వ్రాత మొత్తము సుమారు 8,000 అక్షరములే. అంత చిన్నదైనను మొక్కలోని లేఖకుని తనవైపు త్రిప్పుకొని తన నకళ్లనే ఎక్కువగా వ్రాయించుకొనును. ఇంటివాని కరణమును చేరదీసి తన లెక్కలు వ్రాయించుకొను అతిథి వంటిది. 1985లో న్యూయార్కులోని రాకఫెల్లరు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆ ప్రవర్తకములో ఏయే అక్షరములు ముఖ్యమో కత్తిరించి చూచి నిర్ణయించిరి. దానిని 35ఎస్ ప్రవర్తకమందురు. 1990 నాటికి దానిలో వేరులో పలికించు భాగము వేరనియు, ఆకులలోను కాండములోను పలికించు భాగము వేరనియు తేలెను. రెండును కూడుటచేత అది మొక్కయందు మిక్కిలి చోట్ల, మిక్కిలి కాలము పనిచేయును. 1987లో దానిలోని ఒక భాగమును రెండుమార్లు వ్రాసినచో బలము సుమారు పదిరెట్లగునని కనుగొనిరి. ఈ రెట్టింపు ప్రవర్తకమునే బి.టి. పత్తిలోని పురుగు జన్యువునకు ముందుంచిరి.

వైరసు ప్రవర్తకమున్నచో మనకు తెగులు రాదా యని కొందరడుగుదురు. ఆజ్ఞాపత్రము మాత్రమే చేరినది గాని వైరసును తయారుచేయు జన్యువులు చేరలేదు. తెగులు సోకిన కాలీఫ్లవరును తినునప్పుడు నిండు వైరసునే మనుష్యులు చిరకాలముగా తినుచున్నారు. కావున ఈ భయమునకు కారణము కనబడదు. రైతు చింతింపవలసిన విషయము వేరొకటి.

1997-98లో వరంగల్లు ప్రాంతమున పొగాకు లద్దెపురుగు పత్తిని పాడుచేయగా, అప్పులలో మునిగిన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖము మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. పురుగుమందులతో విసిగిన ఆ కాలముననే బి.టి. పత్తి మాట వినవచ్చెను. 2002 మార్చి నెలలో కేంద్రప్రభుత్వపు జన్యు పరిశీలన సంఘము మూడు సంకర రకములకు అనుమతి నిచ్చెను. వానిలోని క్రై1ఏసీ అను జన్యువు ముఖ్యముగా కాయతొలుచు పురుగులకొఱకు ఉద్దేశింపబడినది. లద్దెపురుగుపై దాని బలము స్వల్పము. 2005లో ఆంధ్రప్రదేశమున ఆ మూడు రకములకు అనుమతిని పొడిగింపలేదు. జన్యువొక్కటే అయినను రకమునుబట్టి, నేలనుబట్టి ఫలితము మారుచుండెను.

ఆ సంవత్సరముననే నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థవారు ఎనిమిది బి.టి. సంకర రకములలో ఏ భాగమున ఎంత విషమాంసకృత్తు పుట్టుచున్నదో కొలిచి ప్రకటించిరి. పెద్దలారా, ఈ కొలతలే ఆ వృద్ధుని ప్రశ్నకు మొదటి సమాధానము. ఆకులలో అది అధికముగా నుండెను. కాయ తొక్కలోను, మొగ్గలోను, పూవులోని అండాశయమునందును మిక్కిలి తక్కువగా నుండెను. పురుగు కోరునవి ఆ భాగములే. గ్రాము బరువునకు 1.9 మైక్రోగ్రాములకు తగ్గినచో శనగపచ్చ పురుగు బ్రదుకసాగును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. విత్తిన 110 దినములు దాటునప్పటికి ఆ విషము ఈ హద్దుకంటె దిగువకు జాఱుచుండెను.

కావున ఆ వృద్ధుడు చూచినది భ్రమ కాదు. జన్యువు కాయలోను ఉన్నది, నూటపదవ దినమునను ఉన్నది. దానికి పుట్టు నకళ్లు, ఆ నకళ్లచే పుట్టు మాంసకృత్తు తక్కువైనవి. "ఎల్లెడల పనిచేయును" అని పేరుపడిన ప్రవర్తకము నిజమునకు ఎల్లెడల సమానముగా పనిచేయదు. లేత కణజాలమున దాని వేగము వేరు, ముదిరిన కణజాలమున వేరు. ముదిరిన మొక్క మొత్తము మీద మాంసకృత్తులను తక్కువగా తయారుచేయుటయు దీనికి తోడగును. తల్లిదండ్రులైన రకముల గుణము, నేలలోని తేమ, ఎండ మొదలగునవియు కొంత మార్చును.

రెండవ సమాధానము పురుగులోనే కలదు. గులాబి రంగు కాయతొలుచు పురుగు కొన్ని సంవత్సరములలోనే ఆ విషమునకు అలవాటుపడెను. 2006లో రెండు జన్యువుల పత్తి వచ్చినను, కొన్నియేండ్లకు దానికిని అది లొంగలేదు. విషము చాలీచాలనట్లున్నచోట కొంత బలముగల పురుగు బ్రదికి సంతతిని పెంచుకొనును. అందుచేత ప్రవర్తకపు బలహీనతకును పురుగు మొండితనమునకును బంధుత్వము లేకపోలేదు.

అట్లయిన ప్రవర్తకమును మార్చి చూడరాదా? చూచినవారు మన నగరముననే యున్నారు. సుల్తాన్ బజారునుండి సిటీ బస్సులో కొద్దిసేపటి ప్రయాణమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున జరిగిన పనిని చెప్పెదను. వరికి సుడిదోమ ఎంత శత్రువో మీకు తెలియును. చేను సుడులు సుడులుగా ఎండిపోవును. ఈ దోమ ఆకును కొఱుకదు. మొదట చేరి, తొండమును గ్రుచ్చి, మొక్కలో ఆహారరసము ప్రవహించు పోషకనాళములనుండి రసమును పీల్చును. బి.టి. విషము దీనిని చంపదు. శీతలదేశములలో పెరుగు స్నోడ్రాప్ అను పూలమొక్కలో లెక్టిన్ అను మాంసకృత్తు గలదు. అది ఇట్టి రసము పీల్చు పురుగులకు సరిపడదు.

ఉస్మానియా శాస్త్రజ్ఞులు ఆ జన్యువును చైతన్య, ఫల్గుణ అను రెండు వరి రకములలో ప్రవేశపెట్టి 2003లో ఫలితములను ప్రకటించిరి. ఆ జన్యువునకు ముందు వారు కాలీఫ్లవరు ప్రవర్తకము నుంచలేదు. వరిలోనే చక్కెరతో వ్యవహరించు ఒక జన్యువున్నది. దాని ప్రవర్తకము పోషకనాళములయందు మాత్రమే తెరచుకొనును. దానిని తెచ్చి లెక్టిన్ జన్యువునకు ముందు జోడించిరి. దోమ తొండము ఎచ్చట దిగునో అచ్చటనే మందు పుట్టవలెననునది వారి యోచన. ఆ మొక్కలలోనే కలుపుమందును తట్టుకొను జన్యువు నొకదానిని కాలీఫ్లవరు ప్రవర్తకము క్రింద నుంచిరి. కలుపుమందు మొక్కమీద నంతటను పడును గనుక దానికి అంతటను కాపుదల కావలెను. ఒకే మొక్కలో రెండు జన్యువులు, రెండు ఆజ్ఞలు. ఒకటి ఇంటింటికి చాటింపు, రెండవది ఒక్క ఇంటికి చీటి. ఆ వరిపై వదలిన దోమలు తక్కువగా బ్రదికెను, ఆలస్యముగా ఎదిగెను, తక్కువ పిల్లలను పెట్టెను. ఇది పరిశోధనగానే మిగిలినది. రైతులకు విత్తనమై రాలేదు. అయినను ఇందులోని పాఠము గొప్పది. శత్రువు ఎచ్చట తినునో ముందు చూచి, పిమ్మట ఆజ్ఞను ఎన్నుకొనవలెను.

చోటును నిర్ణయించుటలో పొరపాటు జరిగిన ఎంత ప్రమాదమో ఆవాల కథ తెలుపును. ఆవపూవులో మగ, ఆడ భాగములు కలసియుండుటచే సంకర విత్తనము చేయుట కష్టము. పుప్పొడి పుట్టకుండ జేసిన మొక్క కావలెను. ఒక సూక్ష్మజీవిలో బార్నేజు అను జన్యువు కలదు. అది పుట్టించు మాంసకృత్తు కణములోని నకళ్లనన్నిటిని త్రుంచివేయును. అనగా కణము చచ్చును. అట్టి హాలాహలమును మొక్కలో పెట్టుట ఎట్లు? పొగాకు మొక్కలో పుప్పొడిని పోషించు పొరయందు మాత్రమే పనిచేయు ప్రవర్తకము నొకదానిని దానికి ముందుంచిరి. అప్పుడు ఆ పొర ఒక్కటే నశించును, మొక్క సుఖముగా బ్రదుకును, పుప్పొడి మాత్రము పుట్టదు. ఈ ఉపాయము 1990లో ఐరోపాలో వెలువడెను. ఢిల్లీ విశ్వవిద్యాలయమువారు దానిని మన ఆవాలకు అన్వయించిరి.

వారికొక చిక్కు వచ్చెను. ప్రక్కనే కలుపుమందు జన్యువునకై కాలీఫ్లవరు ప్రవర్తకమున్నది. అది బలమైనది గనుక దాని ప్రభావము ప్రక్కింటి గోడ దాటి బార్నేజు జన్యువును అక్కరలేనిచోటను మేల్కొలుపుచుండెను. రెండింటి నడుమ పనిలేని అక్షరములను కొంత దూరము చేర్చి వారు దానిని సర్దిరి. ఈ సంగతి 2001లో ప్రకటితమైనది. గట్టు సరిగా లేని మడిలోనికి ప్రక్క కాలువ నీరు పొర్లినట్లే ఇది. ఆ ఆవాలకు 2022లో పర్యావరణ అనుమతి లభించెను. వ్యవహారము సుప్రీంకోర్టుకు పోగా 2024 జూలైలో ఇద్దరు న్యాయమూర్తులు రెండు అభిప్రాయములు చెప్పిరి.

అంతటను అత్యధికముగా పలికించిన మేలుకదా యని మీరనవచ్చును. అందులోను చిక్కు కలదు. 1990లో అమెరికాలో పెటూనియా పూవునకు ఊదారంగును హెచ్చింపగోరి, ఆ రంగు జన్యువునే బలమైన ప్రవర్తకముతో మరల చేర్చిరి. ఊదారంగు హెచ్చుటకు మారుగా కొన్ని పూవులు తెల్లబోయెను! నకళ్లు మితిమీరినప్పుడు మొక్క తన రక్షణకై ఆ నకళ్లనే త్రుంచివేయునని పిదప తెలిసినది. వైరసు దండెత్తినప్పుడు మొక్క చేయు పనియు నదియే. దండోరా మితిమీరినచో ఊరు చెవులు మూసికొనును.

ఇంకొక సంగతి మన భోజనమునకు సంబంధించినది. బి.టి. వంకాయలో అదే పురుగు జన్యువును అదే రెట్టింపు ప్రవర్తకము క్రింద నుంచిరి. అందుచేత విషమాంసకృత్తు మనము తిను కాయలోను పుట్టును. వంకాయను తొలుచు పురుగు కాయలోనే యుండును గనుక అది అచ్చటనే కావలెననువారు ఒకవైపు, తినువారి సంగతి ఇంకను పరిశీలింపవలెననువారు ఒకవైపు వాదించిరి. 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో కేంద్రప్రభుత్వము దేశమున ఏడు నగరములలో జరిపిన బహిరంగ సభలలో ఒకటి హైదరాబాదులో జరిగెను. ఆ ఫిబ్రవరిలో ఆ వంకాయను నిలిపివేసిరి. పత్తి విషయమున పెద్దగా రాని ప్రశ్న వంకాయతో ఎందుకు వచ్చెను? జన్యువదియే, ఆజ్ఞయు నదియే. కాని పలుకు చోటు మన విస్తరిలోనికి వచ్చెను.

దీనికి మారుగా మరియొక దృష్టాంతము. వరి ఆకులో విటమిను-ఎ నిచ్చు పసుపు పదార్థము సహజముగనే యున్నది. బియ్యపు గింజలో లేదు. పశువులకు గడ్డిలో దొరకునది మనుష్యులకు అన్నములో దొరకదు. 2000 సంవత్సరమున ఐరోపా శాస్త్రజ్ఞులు ఇంగో పోట్రికస్, పీటర్ బేయర్ గార్లు బంగారు బియ్యమును ప్రకటించినప్పుడు, ఒక ముఖ్యమైన జన్యువునకు ముందు గింజలోని తెల్లని భాగమునందే పనిచేయు వరి ప్రవర్తకమును పెట్టిరి. ఆకునకు అక్కరలేనిది గింజకు కావలసి వచ్చెను గనుక ఆజ్ఞను గింజకే వ్రాసిరి.

పెద్దలారా, ఇంతవరకు చెప్పినదాని సారమును మూడు ప్రశ్నలుగా మీ చేతిలో పెట్టెదను. మీ యూరికి ఎవరైన క్రొత్త విత్తనమును తెచ్చి, ఇందు ఫలానా గుణమును చేర్చినామని చెప్పినప్పుడు, "జన్యువున్నదా?" అను ప్రశ్నతో ఆగకుడు. అది మొక్కలో ఏ భాగమున పనిచేయును? పైరు ఎన్ని దినములవరకు పనిచేయును? ఎంత బలముగా, పురుగును చంపు హద్దునకు మీదనా, క్రిందనా? ఈ మూడింటిని అడుగుడు. అమ్మువాడు చెప్పలేకపోయిన వ్యవసాయాధికారిని అడుగుడు. ఇవి పండితులకు మాత్రమే చెందిన ప్రశ్నలు కావు. కొలిచి చూచిన సమాధానములు గల ప్రశ్నలు.

ఆ సమాధానమును బట్టియే మీ సేద్యము నడువవలెను. కాయదశలో విత్తనపు కాపుదల సన్నగిల్లునని తెలిసిన రైతు నూరవ దినమున నిశ్చింతగా ఇంట కూర్చుండడు. చేను తిరిగి కాయలను కోసి చూచును. గులాబి పురుగునకు లింగాకర్షక బుట్టలు పెట్టును. పంటను దీర్ఘకాలము నిలువనీయక సకాలమున తీసి, మోళ్లను చేలో మిగులనీయడు. సంచిమీది మాటను నమ్మి మందు పూర్తిగా మానినవాడును, నమ్మక వారమునకొకసారి మందు చల్లినవాడును ఒకే తీరున నష్టపోవుదురు.

ఆ వృద్ధుడు మరల తటస్థించినచో నేనిట్లు చెప్పుదును: "పెదనాయనా, నీ పత్తిలో జన్యువు చివరవరకును ఉన్నది. గ్రంథము అలమారులోనే యున్నది. కాయ ముదురు వేళకు దానిని చదివి నకలు వ్రాయువాడు అలసిపోయినాడు. ఇంతలో పురుగును ఆ పాఠమునకు అలవాటుపడినది. లోపము ఆ ఆజ్ఞలోనిది, ఆ లోపమును నీకు ముందుగా చెప్పనివారిది."

మనుమరాలి పెండ్లి బట్టలు కూడ పత్తితోనే నేసినవి. ఆ పత్తి పండించిన చేతికి తన విత్తనములో ఏమున్నదో, అది ఎప్పుడు మాటలాడునో, ఎప్పుడు మౌనము వహించునో తెలిసికొను హక్కు కలదు.